చెల్లెలి మందు

“ఆ మిషను ఆపుతావా, ఆపవా?” భర్త వెనకగది గుమ్మంలో నిలబడి గొంతు చించుకున్నాడు.

పెద్దకోడలు ఆపలేదు. చేతిలో ఉన్న కళ్ళద్దం అంచు ఇంకా సమంగా అరగలేదు. గిర్రున తిరిగే రాయి మీద నీళ్ళు చుక్కలుగా పడుతున్నాయి, తెల్లటి నురగ ఆమె మణికట్టు దాకా కారుతోంది. ఆ మోతలో ఎవరి మాటా చెవిన పడదు. వినబడనట్టు నటించాలన్నా ఆ ఇంట్లో అంత మంచి చోటు ఇంకొకటి లేదు.

ఆయనే లోపలికొచ్చి స్విచ్చు కట్టేశాడు. మిషను మూలిగి ఆగింది. పై అంతస్తులోంచి అత్తగారి ఏడుపు అప్పుడు వినబడింది.

“పొద్దున్నించీ ఇల్లు ఇల్లులా లేదు. అద్దాలు అరగదీసే పని ఇప్పుడే గుర్తొచ్చిందా నీకు?”

“సాయంత్రానికి ఇస్తానని ఒకాయనకి మాటిచ్చాను. కళ్ళజోడు లేకపోతే ఆయనకి గుమ్మం కూడా కనబడదు.”

“నాలుగుసార్లు మందెక్కించినా నీ చెల్లెలి జబ్బు పూర్తిగా పోలేదట. స్కానింగులో ఛాతీ దగ్గర ఇంకా వెలుగుతోందట. మధ్యాహ్నం అందర్నీ రమ్మన్నారు. మందు మార్చి, వారాల తరబడి ఆస్పత్రిలోనే ఉంచాలంటారేమో. నీ తోడబుట్టిందే కదా! నీ కంట్లో ఒక్క చుక్కయినా లేదేం?”

“ఏడవడానికి మీరంతా ఉన్నారుగా. నేనొక్కదాన్ని తగ్గితే లోటేం?”

“నోటికి హద్దుండాలి.”

“నా నోటి సంగతి తర్వాత. పొద్దున్నించీ అందరూ నన్ను దాటుకుని పైకీ కిందికీ పరుగులు పెడుతున్నారు. టీ తాగావా అని ఒక్కరైనా అడిగారా?”

ఆయన నిర్ఘాంతపోయాడు. ఇలాంటి రోజున టీ మాటెత్తే మనిషితో ఇన్నేళ్ళు ఎలా కాపురం చేశానా అన్నట్టు చూశాడు. ఆ చూపు ఆమెకు అర్థమైంది. అర్థమైనకొద్దీ ఒళ్ళు మండింది.

“సరే, త్వరగా తయారవ్వు. మందుల డబ్బా కూడా తెమ్మన్నారు. అన్నీ వేళకి ఇచ్చావు కదా?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చెయ్యి మెడ మీదికి పోయింది.

“ఇవ్వకుండా నేను మింగేశాననుకున్నారా?”

“నిన్నెవరేమన్నారు? ఊరికే అడిగాను,” అని గొణుక్కుంటూ ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నిజానికి ఆవిడ మింగేసింది.

ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరూ అక్కచెల్లెళ్ళిద్దర్నీ చేసుకున్నారు. కింద కళ్ళజోళ్ళ దుకాణం, పైన కాపురం. చిన్నవాడు కళ్ళు పరీక్ష చేస్తాడు, పెద్దవాడు సరుకు చూస్తాడు. చిన్నకోడలు ముందుగదిలో నిలబడి వచ్చినవాళ్ళ మొహాలకు ఫ్రేములు పెట్టి చూపిస్తుంది. ఆవిడ ‘ఇది మీకు బాగుందండీ’ అందంటే ఎంతటి చిరచిరలాడే మొహమైనా అద్దంలో చూసుకుని మురిసిపోవాల్సిందే. పెద్దకోడలు వెనకగదిలో అద్దాలు అరగదీస్తుంది. వెంట్రుకవాసి తేడా రానివ్వదు. అయినా చూపు బాగుందని మెచ్చుకోవడానికి వచ్చినవాళ్ళంతా ముందుగదిలోనే మెచ్చుకుని వెళ్ళిపోతారు. వెనకగది దాకా విరిగిన కళ్ళజోళ్ళు మాత్రమే వస్తాయి.

చిన్నప్పటి నుంచీ అంతే. చెల్లెలిది ముద్దు, అక్కది బుద్ధి. ముద్దు ఎవరో ఒకరి ఒళ్ళో కూర్చుంటుంది, బుద్ధి వెళ్ళి అంట్లు తోముతుంది.

చెల్లెలికి లింఫోమా అని తేలాక ఇల్లంతా ఆమె మంచం చుట్టూ చేరింది. రెండు విడతలు మందు ఎక్కించేసరికి జుట్టు ఊడింది, మొహం ఉబ్బింది. దుకాణానికొచ్చేవాళ్ళు కూడా పండ్లు తెచ్చిచ్చి కళ్ళు తుడుచుకుని వెళ్ళేవారు. ఆ రోజుల్లోనే స్నానం చేస్తుంటే పెద్దకోడలి వేలికి తన మెడలో ఒక గడ్డ తగిలింది. ముక్క తీసి పరీక్ష చేశారు. అదే పేరొచ్చింది. లింఫోమా.

ఆమె భయపడింది. కానీ ఆ భయం అడుగున సిగ్గుపడాల్సిన సంతోషం కూడా కాస్త ఉంది. ఇకనైనా తనవైపు చూస్తారు.

డాక్టరమ్మ భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. ఒంట్లో రక్తనాళాలు కాకుండా ఇంకో కాలవల వరుస ఉంటుందట. దాని పొడుగునా కాపలా కాసే చిన్న చిన్న గ్రంథులుంటాయట. ఆ కాపలా కణాలే కొన్ని అదుపు తప్పి పెరిగితే ఈ జబ్బు.

“పేరు ఒకటే గానీ ఇందులో చాలా రకాలున్నాయమ్మా. మీ చెల్లెలిది పరుగెత్తే రకం. వెంటనే మందు మొదలుపెట్టకపోతే ప్రమాదం. కానీ ఆ రకాన్ని చాలామందిలో పూర్తిగా నయం చెయ్యగలం. మీది మెల్లగా నడిచే రకం. దాన్ని మొదలంటా తుడిచెయ్యలేం. అయితే ఏళ్ళ తరబడి ఏ మందూ లేకుండా, అప్పుడప్పుడూ పరీక్ష చేసుకుంటూ మామూలుగా బతకొచ్చు. ముందుగా మందు పెడితే ఆయుష్షు పెరగదు, మందు బాధలు మాత్రం ముందే వస్తాయి. అవసరం వచ్చినప్పుడు మొదలుపెడదాం.”

అంతా విని భర్త గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. “అమ్మయ్య! అయితే నీకేం లేదన్నమాట,” అన్నాడు.

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగబడిపోయింది. తగ్గే జబ్బుకు ఇల్లంతా ఏడుపు, తగ్గని జబ్బుకు అమ్మయ్యా!

మందుల డబ్బా మొదట్నుంచీ ఆమె చేతిలోనే ఉంది. మందెక్కించిన ప్రతిసారీ తర్వాత కొన్ని రోజులు చెల్లెలు ఇంట్లో వేసుకోవాల్సిన తెల్ల మాత్రలు ఉండేవి. అసలు మందు సెలైన్లో ఎక్కేదేననీ, ఈ మాత్రలు దానికి వట్టి తోడనీ ఇంటిల్లిపాదికీ నమ్మకం. మూడో విడతలో పెద్దకోడలు చెల్లెలి అరచేతిలో సగం పోసి, మిగతా సగం తన నోట్లో వేసుకుంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఈవిడకు చెల్లెలి చేదుమాత్ర రుచైంది.

వారం తిరక్కుండా మెడలో గడ్డ కరగడం మొదలుపెట్టింది. ఆకలి పెరిగింది, నిద్ర పారిపోయింది, కోపం ముక్కు మీదికొచ్చి కూర్చుంది. అయితేనేం, గడ్డ తగ్గింది కదా! ‘నాకు మందక్కర్లేదన్నారే, ఇప్పుడేమంటారు?’ అని అద్దంలో మెడ చూసుకుంటూ అందరినీ మనసులోనే దెప్పింది. నాలుగో విడతలోనూ అదే చేసింది.

ఇప్పుడు స్కానింగు ఇలా వచ్చింది. తన మూలంగానేనా? మాత్రలు వట్టి తోడే కదా అని తనకు తానే జవాబు చెప్పుకుంది. చెప్పుకుని, మిషను స్విచ్చు మళ్ళీ వేసింది.

*

ఆమె పైకి వెళ్ళేసరికి చెల్లెలు తలకు గుడ్డ చుట్టుకుని, దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. అత్తగారు పండ్లరసం గ్లాసు పట్టుకుని బతిమాలుతోంది.

“రామ్మా, మహారాణీ! కింద రాళ్ళు అరగదియ్యడం అయిందా?”

“అద్దాలు అత్తయ్యా.”

“ఏదైతేనేం, నీ మనసూ రాయే. ఇప్పుడు చల్లబడ్డాయా నీ కళ్ళు?”

“నేనేం చేశానని?”

“నువ్వేం చేశావన్నానా? ఏమీ చెయ్యలేదంటున్నాను. ఒక్కరోజైనా దాని పక్కన కూర్చున్నావా?”

“కూర్చోడానికి చోటేదీ? ఒకవైపు మీరు, ఒకవైపు మీ చిన్నబ్బాయి, కాళ్ళ దగ్గర మీ పెద్దబ్బాయి. ఆస్పత్రిలో నర్సులు కూడా ఇంతమంది ఉండరు.”

“కుళ్ళు! నిలువెల్లా కుళ్ళు! మంచం పట్టిన మనిషిని చూసి కుళ్ళుకునేదాన్ని నా వయసులో ఇదే చూడ్డం.”

“నాకూ జబ్బే అత్తయ్యా.”

“నీకేమే, నిక్షేపంలా ఉన్నావు. మందే అక్కర్లేదన్నారు. పైగా ఈ మధ్య కాస్త ఒళ్ళు కూడా చేశావు.”

చెల్లెలు అక్క మొహంలోకి పరీక్షగా చూసింది. తర్వాత అత్తగారి చేతిలోంచి గ్లాసు తీసుకుంది.

“మీరెళ్ళి తయారవ్వండి అత్తయ్యా. అక్క ఉంటుంది నా దగ్గర.”

అత్తగారు వెళ్ళిపోయింది. వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యడానికి అవస్థ పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయేదాకా ఇద్దరూ దాన్నే వింటూ కూర్చున్నారు.

“కళ్ళజోడు జారిపోతోందక్కా. కాస్త బిగిస్తావా?”

పెద్దకోడలు జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసింది. చెల్లెలి మొహం మీది నుంచి కళ్ళజోడు తీసి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

“మొదట్లో మొహం ఉబ్బిపోయి పట్టడం లేదంటే నువ్వే వదులు చేశావు,” అంది చెల్లెలు.

“వాపు తగ్గింది కదా మరి.”

“అవును. నాకు తగ్గింది.”

పెద్దకోడలి వేళ్ళ మధ్య నుంచి మరమేకు జారి కింద పడింది. చిన్న నలుసంత మేకు. మోకాళ్ళ మీద కూర్చుని మంచం కింద వెతికింది. దొరికినా వెంటనే లేవలేదు, ఇంకా వెతుకుతున్నట్టు అలాగే ఉండిపోయింది.

“అక్కా, మందు మారిస్తే ఏమవుతుంది?”

“నాకేం తెలుసు? డాక్టరు చెబుతారుగా.”

“నాకు భయంగా ఉంది.”

పెద్దకోడలు తలెత్తి చూసింది. జుట్టు లేదు, కనుబొమలు కూడా లేవు. అయినా ఆ కళ్ళలో నీళ్ళు నిండితే చూసినవాళ్ళెవరైనా పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంటారు. దీనికి భయం కూడా నప్పుతుంది, అనుకుంది ఆమె. తను భయపడితే మాత్రం అందరికీ కోపంలా కనబడుతుంది.

చెల్లెలి చెయ్యి పట్టుకోవాలని ఆమెకూ అనిపించింది. కానీ మరమేకు బిగించి, కళ్ళజోడు చెల్లెలికి పెట్టేసి లేచింది.

“నీకేం కానివ్వరులే. ఇంతమంది ఉన్నారు నీకు.”

ధైర్యం చెబుదామనే అంది. దెప్పినట్టు వచ్చింది.

*

డాక్టరమ్మ గదిలో కుర్చీలు చాలలేదు. చెల్లెలూ అత్తగారూ కూర్చున్నారు. మరిది చెల్లెలి కుర్చీ వెనక నిలబడ్డాడు. భర్త గోడకు ఆనుకున్నాడు.

“ముందు అక్కగారిని చూసేద్దాం. ఈవిడది చిన్న పని,” అంది డాక్టరమ్మ.

చిన్న పని! పెద్దకోడలు పళ్ళు బిగబట్టి తెర వెనక్కి వెళ్ళింది. డాక్టరమ్మ వేళ్ళు మెడకు రెండువైపులా, చంకల కింద నెమ్మదిగా తడిమాయి. మళ్ళీ మెడ దగ్గరికొచ్చి ఆగాయి.

“ఆశ్చర్యంగా ఉందే! బాగా తగ్గాయి.” తెర పక్కకు లాగి అందరికీ వినబడేలా చెప్పింది. “నెమ్మది రకంలో ఒక్కోసారి ఇలా జరుగుతుంది. ఏ మందూ లేకుండానే గడ్డలు వాటంతటవి తగ్గుతాయి. మంచిదే.”

భర్త మొహం వికసించింది. అత్తగారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. ఒక్క నిమిషం గదిలో అందరి కళ్ళూ పెద్దకోడలి మీదే ఉన్నాయి. ఆ నిమిషం ఆమెకు నిజంగా బాగుంది. తేలు కుట్టిన దొంగకు అంత సుఖం ఉండకూడదు, అయినా ఉంది.

తర్వాత డాక్టరమ్మ కంప్యూటర్ తెర వాళ్ళవైపు తిప్పింది.

“ఇది మొదటి స్కానింగు. మెడ, చంక, ఛాతీ అన్నీ వెలుగుతున్నాయి. ఇది ఇప్పటిది. మెడ, చంక ఆరిపోయాయి. ఛాతీలో ఇదొక్కటి మిగిలింది. వెలిగినంత మాత్రాన అది జబ్బే కానక్కర్లేదు, ఒట్టి వాపైనా కావచ్చు. అందుకే అక్కణ్ణుంచి మళ్ళీ ముక్క తీసి చూస్తాం. జబ్బే అయితే, ఇప్పటి మందుకు లొంగడం లేదని అర్థం. గట్టి మందుకు మారాలి.”

“గట్టి మందంటే?” అన్నాడు మరిది.

“ఆస్పత్రిలో ఉంచి ఇస్తాం. రక్తకణాలు బాగా పడిపోతాయి, మామూలు జలుబు కూడా ప్రాణం మీదికి తేవచ్చు. ఆ తర్వాత రక్తాన్ని పుట్టించే ఆవిడ మూలకణాల్నే తీసి దాచి, ఇంకా పెద్ద మోతాదు ఇచ్చి, వాటిని మళ్ళీ ఎక్కించాల్సి రావొచ్చు. అన్నీ దాటి హాయిగా ఉన్నవాళ్ళున్నారు. కానీ తేలికైన దారి కాదు. తర్వాత పిల్లలు పుట్టడం కష్టం కావచ్చు. ఆ జాగ్రత్తలు ముందే మాట్లాడుకోవాలి.”

మరిది వంగి చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. పెద్దకోడలు ఆ చేతుల వైపు చూసింది. అలాంటి సమయంలో కూడా చూసింది. తన చెయ్యి అలా ఎవరైనా ఎప్పుడైనా పట్టుకున్నారా అని గుర్తుచేసుకోబోయి, తన మీద తనకే రోత పుట్టి కళ్ళు దించుకుంది.

“మందు పనిచెయ్యలేదని అనేముందు నాకొకటి తెలియాలి,” అంది డాక్టరమ్మ. “ఇచ్చిన మందంతా ఒంట్లోకి వెళ్ళిందా? సెలైన్ మా చేతిలోనే ఉంది. మరి ఇంటి దగ్గర మాత్రలు?”

“అవి ఊరికే తోడు మాత్రలే కదండీ?” అన్నాడు భర్త.

“ఎవరు చెప్పారు? ఆ తెల్ల మాత్ర స్టెరాయిడ్. ఈ జబ్బులో అది బలం మందూ కాదు, వాంతుల మందూ కాదు. చెడ్డ కణాల్ని చంపే మందుల్లో అదీ ఒకటి. సెలైన్లో ఎక్కేవి, ఇది, అన్నీ కలిసి కొడితేనే దెబ్బ.”

పెద్దకోడలికి చెవుల్లో మిషను మోత మొదలైంది. ఈసారి కట్టెయ్యడానికి స్విచ్చు లేదు.

“ఆ విషయంలో మీకు అనుమానమే అక్కర్లేదమ్మా,” అని అత్తగారు అందుకుంది. “డబ్బా మా పెద్దకోడలి చేతిలో పెట్టాను. నోరు మంచిది కాకపోవచ్చు గానీ, ఆవిడ చేతిలో పడ్డ పని వెంట్రుకవాసి తప్పదు. అందరం ఏడుస్తూ కూర్చుంటే ఇల్లు నడిపింది ఆవిడే. నేనెప్పుడూ అనను గానీ, మా ఇల్లు నిలబడింది ఆవిడ మీదే.”

ఇన్నేళ్ళుగా ఏ మాటకు ఆమె మొహం వాచిపోయి ఉందో, ఆ మాట అత్తగారి నోటి నుంచి వచ్చింది. రాక రాక ఇప్పుడు, ఈ గదిలో వచ్చింది.

ఆ మాటను అలాగే దాచుకోవాలనిపించింది పెద్దకోడలికి. ఊరుకుంటే చాలు. ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. చెల్లెలు మాత్రం కళ్ళజోడు సర్దుకుంటూ తనవైపే చూస్తోంది.

“అయితే మాత్రలు పూర్తిగా వేసుకున్నట్టే రాసుకుంటాను,” అని డాక్టరమ్మ కీబోర్డు మీదికి వంగింది.

“రాయకండి.”

అందరూ అటు తిరిగారు.

“సగమే ఇచ్చాను,” అంది పెద్దకోడలు. “చివరి రెండు విడతలూ సగమే. మిగతా సగం నేను వేసుకున్నాను.”

భర్త నవ్వబోయాడు. “మతి పోయిందా నీకు? ఏం మాటలవి?”

“నా మెడ అందుకే తగ్గింది. వాటంతటవి తగ్గలేదు.”

అత్తగారు రెండు చేతులతో నోరు మూసుకుంది. మరిది “వదినా...” అని ఆగిపోయాడు.

డాక్టరమ్మ అరవలేదు. లేచొచ్చి ఆమె మెడ ఇంకోసారి తడిమి చూసింది.

“ఆ మాత్ర మీ గడ్డల్ని కూడా కొన్నాళ్ళు కుదిస్తుంది. జబ్బును తీసెయ్యదు. మళ్ళీ వస్తాయి. ఈలోగా మీ అసలు పరిస్థితి నాకు కనబడకుండా చేశారు. అర్థమైందా?”

“నా సంగతి వదిలెయ్యండి. దాని ఛాతీలో మిగిలింది నావల్లేనా?”

“మీవల్లేనని చెప్పలేను. కాదనీ చెప్పలేను. మందంతా పడినా మిగిలేవి ఉంటాయి. ముక్క తీసి చూశాక తెలుస్తుంది. కానీ ఈ సంగతి తెలియకుండా నిర్ణయం తీసుకుని ఉంటే పెద్ద తప్పు జరిగేది.”

“ఎందుకు చేశావిలా?” భర్త గోడ దగ్గర నుంచి ఒక్క అంగలో వచ్చాడు. “చెప్పు! ఏం తక్కువైంది నీకు?”

అంతే. ఆవిడ దాచుకున్నదంతా కట్ట తెంచుకుంది.

“ఏం తక్కువైందా? నాకు జబ్బని తెలిసిన రోజు మీరేమన్నారు? అమ్మయ్య అన్నారు! దాని జబ్బు తగ్గుతుందని చెప్పారు. అయినా ఇల్లంతా ఏడ్చింది. నాది ఎప్పటికీ పోదని చెప్పారు. ఒక్కరు ఏడ్చారా? అది వాంతి చేసుకుంటే నలుగురు పరుగెత్తారు. నేను రాత్రంతా కళ్ళు తెరుచుకుని పడుకుంటే మీరు గురక పెట్టారు. మందు లేకపోతే జబ్బు లేనట్టేనా? అందుకే దాని మందు తిన్నాను. నాకూ మందుండాలి. నాక్కూడా ఉండాలి!”

బయట వరండాలో ఎవరి పేరో పిలుస్తున్నారు.

“నాకు తెలుసు,” అంది చెల్లెలు.

పెద్దకోడలికి సరిగ్గా వినబడిందో లేదో. “ఏమన్నావ్?”

“నువ్వు వేసుకుంటున్నావని నాకు తెలుసక్కా. మొదటి రెండుసార్లూ అరచెయ్యి నిండా పోశావు. మూడోసారి మధ్యలోకొచ్చి ఆగిపోయాయి. ఆ రోజే తెలిసింది. తర్వాత నీ మొహం చూశాను, ఉబ్బుతోంది.”

“తెలిసీ ఎందుకూరుకున్నావే? అడగొచ్చుగా! ఇంట్లో చెప్పి నా పరువు తియ్యొచ్చుగా!”

“ఉబ్బనీ అనుకున్నాను.”

చెల్లెలి గొంతులో ఎప్పుడూ ఉండే తీపి లేదు. పెద్దకోడలు ఆ గొంతు అంతకుముందెప్పుడూ వినలేదు.

“కుళ్ళు నీ ఒక్కదానికే ఉందనుకున్నావా? నీకేమీ చెయ్యక్కర్లేదు, ఏళ్ళ తరబడి మామూలుగా బతకొచ్చన్న రోజు, నేను గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను. నాకోసం ఏడుస్తున్నాననుకుని అత్తయ్య వీపు నిమిరారు. నీకోసం ఏడ్చానక్కా, మందక్కర్లేని జబ్బు నీకు దొరికిందని. నీ జుట్టు నీకుంది. కిందికెళ్ళి నీ పని నువ్వు చేసుకుంటున్నావు. నీ నోటికి అన్నీ రుచిగానే ఉన్నాయి. ఆ గదిలోంచి మిషను మోత వినబడ్డప్పుడల్లా నాకెంత మండేదో నీకు తెలియదు. నువ్వు నా మాత్రలు మింగుతుంటే, మింగనీ, కాస్త తనకీ తెలియనీ అనుకున్నాను. అవి ఒట్టి తోడు మాత్రలేగా అనుకున్నాను.”

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ గదిలో ఎవరి పిడికెడు ఎంతో ఎవరికీ తేల్చుకోవడం చేతకాలేదు. మరిది భార్య చెయ్యి వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని చెల్లెలికి ఎదురుగా కూర్చుంది.

“ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. ముందు ముందు ఏ మందు పెట్టినా సగం పని మీది. ఆ మాత్రలు ఊరికే తోడనుకున్నారు, సరే. కానీ మీ మందు ఇంకొకరు తింటుంటే చూస్తూ ఊరుకున్నారు. మీకు తగ్గాలని ఉందా?”

చెల్లెలు ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటోంది.

“ఉందని చెప్పవే,” అంది పెద్దకోడలు. “ఏమిటా మౌనం? ఉందని చెప్పు!”

చెల్లెలు తల ఇంకా దించుకుంది.

పెద్దకోడలు వచ్చి చెల్లెలి ముందు మోకాళ్ళ మీద కూలబడింది. రెండు భుజాలూ పట్టుకుని కుదిపింది. ఎముకలు చేతికి తగిలాయి. ఇంత చిక్కిపోయిందని ఆమెకు ఆ క్షణం దాకా తెలియదు.

“నన్ను తిట్టు, కొట్టు, ఇంట్లోంచి గెంటించు. తగ్గాలని ఉందని మాత్రం చెప్పవే! నీకు దణ్ణం పెడతాను.”

చెల్లెలు నెమ్మదిగా తలెత్తింది.

“నువ్వు ముందు చెప్పక్కా. నాకు తగ్గాలని నీకుందా?”

పెద్దకోడలు నోరు తెరిచింది. భర్త, మరిది, అత్తగారు, డాక్టరమ్మ, అందరూ ఆమె వైపే చూస్తున్నారు.